పునాది సంవత్సరం
ఇంజనీరింగులో చేరబోయే బిడ్డకు ఇంటివద్దే సిద్ధపాటు

ఈఏపీసెట్‌లో ర్యాంకు వచ్చింది. కౌన్సెలింగులో సీటు ఖాయమైంది. ఆదివారం ఆరాధనలో కృతజ్ఞతార్పణ చెల్లించారు. పాస్టరుగారు బిడ్డ తలమీద చేయి ఉంచి ప్రార్థించారు. ఇక తరగతులు మొదలుకావడానికి కొన్ని వారాలే ఉన్నాయి. చాలా ఇళ్లలో ఈ వారాలు డబ్బు కూర్చుకోవడంలో, పెట్టె సర్దడంలో గడిచిపోతాయి. బిడ్డ మాత్రం "రెండేళ్లు కష్టపడ్డాను, ఇక విశ్రాంతి" అనుకుంటాడు. విశ్రాంతి తప్పు కాదు. అయితే బి.టెక్. మొదటి సంవత్సరం అంటే ఇంటర్మీడియట్‌కు మూడో సంవత్సరం కాదని ముందే గ్రహించిన కుటుంబం ధన్యమైనది.

ఇంటర్‌లో గంట కొట్టి నిద్రలేపారు. నోట్సు చేతికిచ్చారు. వారం వారం పరీక్ష పెట్టి తప్పులు దిద్దారు. బి.టెక్.లో వెనుకనుండి తోలేవారు ఉండరు. ఒక్కో పాఠానికి రెండు మూడు పుస్తకాలు తిరగవేయాలి. కొద్ది నెలల్లోనే మిడ్ పరీక్షలు, వాటి వెనుకనే సెమిస్టరు పరీక్షలు వచ్చేస్తాయి. తెలివి లేక తప్పినవారు కొద్దిమంది. తమంతట తాము చదువుకునే అలవాటు లేక తప్పేవారే ఎక్కువ.

ధవళేశ్వరం ఆనకట్ట సంగతి గోదావరి ప్రాంతపు విశ్వాసులకు కొత్తగా చెప్పనక్కరలేదు. 1847లో మొదలై 1852లో పూర్తయింది. దానిని కట్టించిన ఆర్థర్ కాటన్ దొర అంతకుముందు కావేరి మీద పనిచేశాడు. అక్కడి ప్రాచీనమైన కల్లణై ఆనకట్టను శ్రద్ధగా పరిశీలించాడు. లోతు తెలియని ఇసుకలో పునాది నిలిపే విధానం ఆ పూర్వపు పనివారి దగ్గరే నేర్చుకున్నామని ఆయనే ఒప్పుకొన్నాడు. మన కంటికి కనిపించేది ఆనకట్ట. దాన్ని నిలబెట్టేది నీటి అడుగున ఉన్న పునాది. నాలుగేళ్ల చదువుకు మొదటి సంవత్సరం అటువంటిదే.

చదువులో సిద్ధపాటు

తమ్ముడూ, చెల్లీ, రోజుకు రెండు గంటలు చాలు.

మొదటిది లెక్కలు. ఇంటర్‌లో చదివిన మాత్రికలు, అవకలనం, సమాకలనం మళ్లీ తీయండి. నోట్సు మూసి, లెక్క మీరే చేయండి. మొదటి సంవత్సరం గణితం వీటి మీదనే లేస్తుంది.

రెండవది ఇంగ్లీషు. తెలుగు మీడియంలో చదివిన పిల్లలు ఇక్కడే జంకుతారు. దానియేలును, అతని ముగ్గురు స్నేహితులను జ్ఞాపకం చేసుకోండి (దానియేలు 1వ అధ్యాయం). ఇంటికి దూరమై, పరాయి దేశంలో, కల్దీయుల భాషను, విద్యను నేర్చుకోవలసివచ్చింది. అందుకు వారికిచ్చిన గడువు మూడేళ్లు. ఆ భాషకు వారు భయపడలేదు, ఆ భాష కోసం తమ విశ్వాసాన్నీ వదులుకోలేదు. మీరు రోజుకు ఒక పేజీ ఇంగ్లీషు పాఠం గట్టిగా చదవండి. అర్థమైనది నాలుగు సొంత వాక్యాలలో రాయండి. తప్పులు వస్తాయి, రానివ్వండి.

మూడవది డ్రాయింగు. ఒక అగ్గిపెట్టెను బల్లమీద పెట్టి, ఎదుటినుండి, పైనుండి, పక్కనుండి ఎలా కనిపిస్తుందో స్కేలుతో కొలిచి గీయండి. తరువాత ఇటుకను గీయండి. ఇంజనీరింగు డ్రాయింగులో మొదట చాలామందికి కష్టమనిపించేది ఈ చూపే.

నాలుగవది కంప్యూటరు ప్రోగ్రామింగు. ఏ బ్రాంచివారికైనా ఇది మొదటి సంవత్సరంలోనే ఎదురవుతుంది. ఇంట్లో కంప్యూటరు లేదని దిగులుపడవద్దు. పది అంకెలలో పెద్దది ఏదో కనుక్కోవడానికి మీ మనసు వేసే ఒక్కొక్క అడుగును వరుసగా కాగితం మీద రాయండి. ప్రోగ్రాము రాయడమంటే మొదట అదే.

లెక్క చూసుకోవడం

గోపురం కట్టదలచినవాడు ముందుగా కూర్చుని ఖర్చు లెక్కచూసుకోవాలని ప్రభువు బోధించాడు (లూకా 14:28). ప్రభుత్వం ఇచ్చే ఫీజు సాయంతో సమస్తం తీరదు. హాస్టలు, బస్సు, పుస్తకాలు, పరీక్ష ఫీజు, డ్రాయింగు సామగ్రి ఉంటాయి. బిడ్డను పక్కన కూర్చోబెట్టుకొని, ఇంటి ఆదాయం ఎంతో దాచకుండా చెప్పి, నెలకు ఎంత పంపగలరో నిర్ణయించండి. చేరకముందే వడ్డీకి అప్పు తెచ్చి ఖరీదైన ల్యాప్‌టాప్ కొనవద్దు. కాలేజీ ల్యాబులో ఏమి ఉన్నవో, ఏది అవసరమో చేరిన తరువాత సీనియర్లను అడిగి కొనవచ్చు. బట్టలు ఉతుక్కోవడం, అన్నం వండుకోవడం, బ్యాంకులో డబ్బు తీసుకోవడం అబ్బాయికైనా అమ్మాయికైనా ఈ వారాలలోనే నేర్పండి. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని కూడా నేర్పండి.

కాలేజీలో మొదటి రోజులు

ఎ.ఐ.సి.టి.ఇ. 2018లో ఇచ్చిన నమూనా పాఠ్యప్రణాళికలో కొత్త విద్యార్థులకు మూడు వారాల పరిచయ కార్యక్రమం ఉన్నది. "పాఠాలు లేవుగదా" అని ఆ రోజులలో ఇంటివద్ద ఉండిపోవద్దు. స్నేహాలు కుదిరేది, కాలేజీ పద్ధతులు తెలిసేది అప్పుడే. జె.ఎన్.టి.యు. నిబంధనల ప్రకారం 75 శాతం హాజరు ఉండాలి. అనారోగ్యంవంటి కారణం చూపితే 65 శాతం వరకు మినహాయింపు దొరకవచ్చు. పెళ్లిళ్లకు, పొలం పనులకు పిల్లలను పిలిపించే పెద్దలు ఈ అంకెలు గుర్తుంచుకోవాలి.

ర్యాగింగు నేరం. మన రాష్ట్రంలో 1997లోనే దాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. బాధ కలిగితే మౌనంగా భరించనక్కరలేదు. 1800-180-5522 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు.

కాలేజీ దగ్గరలో ఉన్న సంఘానికి మీ పాస్టరుగారిచేత ఒక ఉత్తరం రాయించుకొని వెళ్లండి. 1954లో ఆరంభమైన యు.ఇ.ఎస్.ఐ. వంటి విద్యార్థి సహవాసం అక్కడ ఉన్నదేమో విచారించండి. బబులోనులో దానియేలు ఒంటరిగా లేడు. ప్రార్థనకు అతనికి ముగ్గురు తోడున్నారు.

తల్లిదండ్రులకు ఒక మాట

మొదటి సెమిస్టరులో ఒకటి రెండు సబ్జెక్టులు తప్పడం చాలామందికి జరుగుతుంది. వాటిని మళ్లీ రాసుకోవచ్చు. వాటివల్ల చదువు ఆగిపోదు. ప్రమాదం తప్పడంలో కంటె దాచడంలో ఉన్నది. "మా నాన్న పొలం తాకట్టుపెట్టి చదివిస్తున్నాడు, ఈ సంగతి ఎలా చెప్పను?" అని బిడ్డ లోలోపల కుమిలిపోతాడు. ఫోనులో మాటలు తగ్గుతాయి. పండుగకు కూడా ఇంటికి రాడు. అబద్ధం మీద అబద్ధం పేరుకుంటుంది. కొందరు పిల్లలు ప్రాణాలమీదికి తెచ్చుకుంటారు.

అందుచేత బిడ్డను పంపకముందే అతని ముఖం చూచి ఈ మాట చెప్పండి: "నాయనా, తప్పినా మొదట మాకే చెప్పు. మేము నిన్ను తోసివేయం." ఫోను చేసినప్పుడు మార్కులకంటె ముందు "అన్నం తిన్నావా? నిద్ర పడుతున్నదా? స్నేహితులు దొరికారా?" అని అడగండి. బిడ్డ బాగా కుంగిపోయినట్లు తోస్తే ఆలస్యం చేయకుండా వెళ్లి చూడండి. టెలి-మానస్ నంబరు 14416కు ఫోను చేస్తే తెలుగులోనే సలహా దొరుకుతుంది. ప్రార్థన చేయండి, వైద్యుని దగ్గరకూ తీసుకొని వెళ్లండి. ఒకటి చేస్తే రెండవది మానాలని లేదు.

తప్పిపోయిన కుమారుడు తిరిగి రాగలిగింది తండ్రి ఇల్లు ఒకటి ఉన్నదని ఎరిగినందువల్లనే. మీ బిడ్డ పెట్టెలో పుస్తకాలు, దుప్పటి, బైబిలు సర్దుతారు. ఆ నమ్మకాన్ని కూడా సర్ది పంపండి.