టైరు మీది గీతలు ఎవరి సొత్తు?

వాన వెలిసిన ఉదయమున జ్యోతినగర్ నుండి గోదావరిఖనికి పోవు త్రోవ ప్రక్కనున్న తడిమట్టిని పరికింపుడు. ఒక లారీ నాలుగు నిలువు చారలను విడిచి పోయియుండును. మరియొకటి చేపముల్లు వంటి వాలుగీతలను. ఇంకొకటి బలిసిన దిమ్మెల ముద్రలను. ఈ అచ్చును చూచియే టైరు ఫలానా కంపెనీదని చెప్పగల డ్రైవర్లు మన ప్రాంతమున కలరు. వారు దీనిని ‘బటన్’ అందురు. ఈ పోలికకు బజారులో వెల యున్నది గనుకనే దానికి చట్టరక్షణయు ఏర్పడినది.

మన దేశమున 1911 నాటి చట్టమునకు బదులుగా వచ్చిన 2000 సంవత్సరపు డిజైనుల చట్టము 2001 మే 11 నుండి అమలులో నున్నది. ఆకారము, గీతల అమరిక, అలంకారము — వీనిలో కేవలము కంటికి గోచరించు దానినే ఇది కాపాడును. యంత్రపు పనితనమును కాపాడదు. చిక్కంతయు ఇచ్చటనే!

టైరు గాడులు అందమునకు చెక్కినవి కావు గదా. ముందు చక్రమునకు నిలువు చారలుండుట బండి వాలక సూటిగా నడచుటకు; అడ్డుగాడులు నీటిని ప్రక్కకు నెట్టి రోడ్డును పట్టుకొనుటకు. ఓపెన్ కాస్ట్ గనిలో రాళ్ళపై నడచు డంపరు టైరునకు లోతైన గాడులు, దళసరి దిమ్మెలు లేనిదే పని జరుగదు. అట్లయిన అలంకారమెక్కడ?

సమాధానము ఇది. నీటిని నెట్టు గాడి ఉండవలెననుట పని. ఆ గాడి ఎన్ని మలుపులు తిరుగవలెను, దిమ్మె అంచు మొనదేలవలెనా, గుండ్రనగునా అనునది రూపకర్త ఎన్నుకొనినది. ఒకే పనిని నూరు రూపములలో సాధింపవచ్చును. ఒక్క రూపమున మాత్రమే సాధ్యమగునేని దానిని ఒకరి సొత్తు చేయుట తగదు.

నమోదు కోల్‌కతాలోని పేటెంటు కార్యాలయమున జరుగును. నమూనా క్రొత్తది కావలెను. దరఖాస్తునకు ముందే ఎచ్చటనైనను వెల్లడియైనచో హక్కు పోవును. తొందరపడి టైరును ముందుగా అమ్మకమునకు పెట్టినవాడు తన నమూనాను తానే పోగొట్టుకొనును. రక్షణ పది సంవత్సరములు, కోరినచో మరి ఐదు. అటుపై ఆ చట్టము క్రింద అది అందరిదియును.

‘ఆ చట్టము క్రింద’ అనుటకు కారణము కలదు. అపోలో టైర్స్ కంపెనీ తన లారీటైరు బటన్‌ను పోలిన దిగుమతి టైర్లను అమ్ముచున్నారని పయొనీర్ ట్రేడింగ్ కార్పొరేషనుపై ఢిల్లీ హైకోర్టునకెక్కినది. బటన్ రోడ్డును పట్టుకొనుటకే యుద్దేశింపబడినదని ప్రతివాదులు వాదించిరి. కొనువారు బటన్‌ను చూచి తయారీదారును గుర్తింపగలిగినచో అది వ్యాపారచిహ్నముగా కూడ నిలువగలదని 2017లో హైకోర్టు తలచినది. వ్యాపారచిహ్నమునకు పదిహేనేండ్ల హద్దు లేదు. ఇది తయారీదారునకు మేలే. కాని పాత నమూనా అందరిదియునగునన్న మాట కొంత బలహీనపడినదని నాకు తోచును.

ఈ వివాదము పెద్ద కంపెనీలకే పరిమితము కాదు. అరిగిన లారీటైర్లకు క్రొత్త బటన్ అతికించు రీబటన్ షాపులు బొగ్గు రవాణా జరుగు ఊళ్ళలో సాధారణము. నమోదైన నమూనాను అనుమతి లేక అమ్మకమునకై వస్తువుపై అచ్చొత్తుట చట్టము దృష్టిలో చౌర్యము. ఒక్కొక్క తప్పునకు 25,000 రూపాయల వరకు, ఒక నమూనాకు మొత్తము 50,000 రూపాయలకు మించక చెల్లింపవలసి వచ్చును. లేదా హక్కుదారు నష్టపరిహారమునకును, నిషేధాజ్ఞకును దావా వేయవచ్చును. షాపువాడు అచ్చును గాని, అచ్చుపోసిన రబ్బరుపట్టీని గాని ఇతరులయొద్ద కొనును. ఆ గీతలు ఎవరివో అతడడుగడు. ఇకమీదట కొనునపుడు నమూనా నమోదు సంఖ్యను, అనుమతి పత్రమును అమ్మువానిని అడిగి, బిల్లుతో కలిపి భద్రపరచుకొనుట మంచిది. కోల్‌కతాలోని నమోదు పుస్తకమును పరిశీలించుటకు ఎవరికైనను హక్కు కలదు.