అక్వేరియానికి కన్నం పెట్టిస్తున్నారా?

హాల్లో నాలుగడుగుల అక్వేరియం ఉంటే ఆ అందమే వేరు. కానీ 120 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 60 ఎత్తున్న తొట్టిలో 432 లీటర్లు పడతాయి. పగిలితే 432 కిలోల నీళ్లు ఇంట్లోనే! అందుకే పైపుల కోసం గాజుకి కన్నం పెట్టించేముందు కాస్త ఆగండి.

మొదట అది టఫెన్డ్ గ్లాసేమో చూడండి. అదే అయితే డ్రిల్ దిగగానే పలక మొత్తం ముక్కలైపోతుంది. ల్యాప్‌టాప్‌లో తెల్ల పేజీ తెరిచి పలక వెనక పెట్టి, పోలరైజ్డ్ కళ్లజోడు తిప్పుతూ చూడండి. తెర నల్లబడ్డాక గాజులో మచ్చలు, చారలు మెరిస్తే టఫెన్డే. అడుగు పలకని విడిగా చూడాలి.

మామూలు గాజైతే డైమండ్ హోల్ సా వాడాలి. ఖాళీ తొట్టి, తక్కువ వేగం, ఆగకుండా నీళ్లు. బలంగా నొక్కొద్దు. నీళ్లతో పని కాబట్టి బ్యాటరీ డ్రిల్ మంచిది. అంచు నుంచి కనీసం కన్నం వ్యాసమంత దూరం వదలండి.

అసలు పరీక్ష కరెంటు పోయినప్పుడే. కశింకోటలో గాలివానకి రాత్రి కరెంటు పోయిందనుకోండి, పంపు ఆగుతుంది. కన్నం మట్టానికి పైనున్న నీళ్లన్నీ కింది సంప్‌లోకి దిగుతాయి. పంపు పైపు మూతి లోతుగా మునిగి ఉంటే అందులోంచీ వెనక్కి వచ్చేస్తాయి. సంప్‌లో అంత చోటు ఖాళీగా ఉంచాలి. ఓసారి మీరే స్విచ్ ఆపి చూడండి. నేల తడవకపోతే చేపలు తెచ్చుకోవచ్చు!