సెక్షన్లూ... స్నేహాలూ!

చేతిలో లావుపాటి పుస్తకం. ఫోన్లో ‘వస్తున్నావా, లేదా?’ అంటూ స్నేహితుల సందేశం. ఏది వదులుకోవాలి? లా చదివే పిల్లలకు తరచూ ఎదురయ్యే ప్రశ్న ఇది. నిజానికి రెండింట్లో దేన్నీ వదులుకోనక్కర్లేదు. కాకపోతే కాస్త లెక్క తెలియాలి.

ఇంటర్‌ దాకా నలుగురూ ఒకే జట్టు. తర్వాత ముగ్గురు ఇంజినీరింగ్‌కి వెళ్లారు. ఒక్కరు మాత్రం లాసెట్‌ రాసో, క్లాట్‌ రాసో అయిదేళ్ల లా కోర్సులో చేరారు. నాలుగేళ్లయ్యేసరికి ఆ ముగ్గురి చేతికీ పట్టా వచ్చేస్తుంది. ఉద్యోగాలు, కొత్త బైకులు, వారాంతాల్లో విహారాలు. నాలుగోవారికి మాత్రం ఇంకా రెండు సెమిస్టర్ల చదువు మిగిలే ఉంటుంది. ఏ పెళ్లికెళ్లినా ‘ఇంకా చదువేనా?’ అన్న పలకరింపే. దాంతో కొందరు పెళ్లిళ్లకు వెళ్లడమే మానేస్తారు. ఇంకొందరు పుస్తకాన్ని పక్కన పడేసి పాత జట్టు వెంట తిరగడం మొదలుపెడతారు. చిక్కంతా అక్కడే వస్తుంది.

ఎందుకింత బరువు?

లా అంటే సెక్షన్లు బట్టీ పట్టడమేనని చాలామంది అనుకుంటారు. అదే నిజమైతే 2024 జులై 1 తర్వాత ఎందరో విద్యార్థుల చదువు బూడిదలో పోసిన పన్నీరయ్యేది. ఆ రోజు భారతీయ శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. 511 సెక్షన్లు కాస్తా 358 అయ్యాయి. హత్యకు శిక్ష చెప్పే 302 ఇప్పుడు 103. మోసగాడికి మారుపేరుగా మన నోళ్లలో నానిన ‘ఫోర్‌ ట్వంటీ’ కూడా 318లోకి వెళ్లిపోయింది! అంకెలు మారినా నేరమంటే ఏమిటో, దాన్నెలా నిరూపించాలో అర్థం చేసుకున్నవారు తేలిగ్గానే తేరుకున్నారు. అంకెల్నే నమ్ముకున్నవారికి మళ్లీ మొదటి నుంచీ తంటానే.

తరగతులతోనూ పని అయిపోదు. కల్పిత కేసును తీసుకుని న్యాయమూర్తుల ముందు వాదించినట్టు వాదించే ‘మూట్‌కోర్టు’లుంటాయి. వాటికి వారాల తరబడి సిద్ధం కావాలి. బార్‌ కౌన్సిల్‌ 2008 నిబంధనల ప్రకారం అయిదేళ్ల కోర్సువారు కనీసం 20 వారాలు, మూడేళ్లవారు 12 వారాలు ఇంటర్న్‌షిప్‌ చేయాలి. ఏడాదిలో ఏకబిగిన నాలుగు వారాలకు మించి చేయకూడదు. అంటే, ఏటా సెలవుల్లో కొంత భాగం ఏ లాయరుగారి ఆఫీసులోనో గడిచిపోతుంది. ‘సెలవులిచ్చారుగా, ఇంటికి రావేం?’ అని అమ్మ అడిగితే చెప్పే జవాబు ఇదే.

అటూ ఇటూ కాకుండా...

ఈ బరువు తట్టుకోలేనివారు రెండు దారుల్లో ఏదో ఒకటి పడతారు. మొదటిది గదిలో తలుపేసుకోవడం. సినిమా లేదు, స్నేహితుల్లేరు, ఇంటికి ఫోనూ లేదు. మొదటి సెమిస్టర్లో మార్కులొస్తాయి. మూడో సెమిస్టర్‌కల్లా పుస్తకం తెరిస్తేనే విసుగొస్తుంది. రెండోది దీనికి పూర్తిగా వ్యతిరేకం. ‘ఇంకా నెలుందిగా’ అంటూ క్యాంటీన్లో కాలక్షేపం చేసి, చివరి పది రోజుల్లో గైడు పుస్తకం పట్టుకోవడం.

రెండో దారిలో మరో గండముంది... హాజరు. 2008 నిబంధనలు ప్రతి సబ్జెక్టులోనూ 70 శాతం హాజరుండాలన్నాయి. హాజరు చాలక పరీక్షలకు దూరమైన న్యాయ విద్యార్థి ఒకరు 2016లో ఢిల్లీలో ప్రాణం తీసుకున్నాడు. ఆ ఉదంతంపై నడిచిన కేసులో ఢిల్లీ హైకోర్టు 2025 నవంబరులో తీర్పు చెప్పింది. హాజరు తగ్గిందన్న కారణంతో న్యాయ విద్యార్థుల్ని పరీక్ష రాయకుండా ఆపరాదనీ, హాజరు నిబంధనల్ని మళ్లీ పరిశీలించాలనీ పేర్కొంది. అలాగని క్లాసులు మానేయొచ్చనుకుంటే పొరపాటే. క్లాసులో గంటసేపు వింటే అర్థమయ్యేదాన్ని సొంతంగా చదువుకోవాలంటే ఒక సాయంత్రం పోతుంది. పోయేది స్నేహితులతో గడపాల్సిన సాయంత్రమే!

విందుకెళ్తేనే పట్టా!

నలుగురితో కలవడం న్యాయ విద్యకు అడ్డని పాతకాలంవారూ అనుకోలేదు. 1888లో లండన్‌ వెళ్లిన గాంధీజీ బారిస్టర్‌ కావాలంటే పరీక్షలు ప్యాసైతే సరిపోలేదు. పన్నెండు టర్ములు పూర్తిచేయాలి. టర్ము పూర్తయినట్టు లెక్క ఏమిటో తెలుసా? తోటి విద్యార్థులతో, సీనియర్లతో కలిసి విందుకు హాజరు కావడం! ఒక్కో టర్ములో సుమారు 24 విందులుంటే కనీసం ఆరింటికి వెళ్లాలి. నలుగురు కూర్చునే బల్లకు రెండు సీసాల వైన్‌ ఇచ్చేవారు. గాంధీజీ ముట్టరు కాబట్టి ఆయన్ని తమ బల్ల దగ్గర కూర్చోబెట్టుకోవడానికి మిగతావారు పోటీ పడేవారట. ఆయనే ఆత్మకథలో రాసుకున్నారు.

అదే లండన్‌లో ఆయన పెద్దమనుషుల తరహా నేర్చుకోవాలని డ్యాన్సు క్లాసులకెళ్లారు. వయొలిన్‌ కొన్నారు. మూడు నెలలు తిరక్కుండానే తాను వచ్చింది చదువుకోవడానికని గుర్తొచ్చి అన్నీ మానేశారు. మనుషుల్ని మాత్రం వదల్లేదు. శాకాహారుల సంఘంలో చేరి చురుగ్గా పనిచేశారు.

మన ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులూ అంతే. చదువుకునే రోజుల్లో ఆయనకు నాటకాలంటే ప్రాణం. స్త్రీ పాత్రలు కూడా వేశారు. ఆ తర్వాత లండన్‌ వెళ్లి బారిస్టరయ్యారు.

జట్టే చదువైతే...

కేశవానంద భారతి కేసులో 1973లో వచ్చిన తీర్పు న్యాయ విద్యార్థులెవరూ తప్పించుకోలేనిది. 13 మంది న్యాయమూర్తులు, 11 వేర్వేరు తీర్పులు, ఏడొందల పేజీలకు పైమాటే. ఒక్కరే చదవాలంటే కళ్లు తిరుగుతాయి. అదే నలుగురు పంచుకుంటే? అయితే జట్టుకో పద్ధతుండాలి.

* కలిసే ముందు ఎవరి భాగాన్ని వారు ఒంటరిగా చదివి రావాలి. చదవకుండా వచ్చి కూర్చుంటే అది కబుర్ల సభే.
* కేసులో ఏం జరిగింది, తేల్చాల్సిన ప్రశ్నేమిటి, కోర్టు ఏం చెప్పింది, ఎందుకలా చెప్పింది... ఈ నాలుగూ ఒక పేజీలో రాసుకోవాలి.
* పుస్తకం చూడకుండా మిగతావారికి చెప్పాలి. ఒకరు అటువైపు, ఇంకొకరు ఇటువైపు వాదించాలి. మూట్‌కోర్టుకూ అదే సాధన.
* గంటన్నర చాలు. ఆ తర్వాత ఇరానీ చాయ్‌కే వెళ్తారో, ఆర్కే బీచ్‌కే వెళ్తారో మీ ఇష్టం. అక్కడ మాత్రం సెక్షన్ల ఊసెత్తకూడదు!

ముందే రాసుకోండి

సెమిస్టర్‌ మొదలైన వారంలోనే ఒక క్యాలెండర్‌ తీసుకోండి. పరీక్షలు, మూట్‌కోర్టు పత్రాలు ఇవ్వాల్సిన గడువులు, ఇంటర్న్‌షిప్‌ రోజులు అందులో రాయండి. పక్కనే అక్క పెళ్లి, తమ్ముడి పుట్టినరోజు, సంక్రాంతి ప్రయాణం కూడా రాయండి. రెండూ ఒకేచోట కనిపిస్తే ఏ వారం కష్టమో ముందే తెలుస్తుంది. పెళ్లికి ముందు వారం రోజూ ఓ గంట ఎక్కువ చదువుకుంటే పీటల దగ్గర నిశ్చింతగా నవ్వొచ్చు.

వారంలో ఒక పూట మాత్రం చదువు జోలికి వెళ్లకండి. ఆ పూట క్రికెట్టో, సినిమానో, ఊరికే పడుకోవడమో... ఏదైనా సరే. మిగతా రోజుల్లో ఎవరైనా పిలిస్తే ‘రాను’ అని ఊరుకోకుండా ‘ఇవాళ కుదరదు, ఆదివారం వస్తా’ అనండి. మాటిచ్చాక తప్పకుండా వెళ్లండి. మొదటి మాట స్నేహాన్ని దూరం చేస్తుంది. రెండోది నిలబెడుతుంది.

డిగ్రీ అయ్యాక మూడేళ్ల లా చదివేవారి కథ వేరు. వారిలో పెళ్లయి పిల్లలున్నవారూ ఉంటారు. వారికి సరదా అంటే ఇంట్లోవారితో గడిపే కాసేపే. రాత్రి భోజనం అందరితో కలిసి చేయడమన్న ఒక్క నియమం పెట్టుకున్నా ఇంటికి తామున్నామన్న భరోసా ఉంటుంది. ఆ తర్వాత పుస్తకం తీసినా ఎవరూ నొచ్చుకోరు.

అమ్మానాన్నలూ... వింటున్నారా?

హాస్టల్‌కి ఫోన్‌ చేసిన ప్రతిసారీ ‘చదువుతున్నావా?’ అనే మొదటి ప్రశ్న వద్దు. ‘ఎవరితో తిన్నావు?’ అని అడిగి చూడండి. నెల రోజులుగా ‘ఒక్కడినే’, ‘ఒక్కదాన్నే’ అన్న జవాబే వస్తుంటే ఓసారి వెళ్లి చూసి రావడం మంచిది. నిద్ర పట్టడం లేదన్నా, దేనిమీదా ఆసక్తి లేదన్నా తేలిగ్గా తీసుకోవద్దు. 2022లో మొదలైన టెలిమానస్‌ నంబరు 14416కు ఫోన్‌ చేస్తే నిపుణులు ఉచితంగా మాట్లాడతారు. తెలుగులోనూ మాట్లాడొచ్చు.

చదువు పూర్తయ్యాక వకీలు ముందు కూర్చునేవారిలో పొలం గట్టు తగాదాతో వచ్చిన రైతు ఉంటారు. భర్త వదిలేసిన ఇల్లాలూ ఉంటుంది. వారి గోడు ఓపిగ్గా విని, అసలు విషయమేమిటో పట్టుకోవాలి. నలుగురిలో తిరిగి, నలుగురి మాటా విన్నవారికే ఆ విద్య అబ్బుతుంది. అందుకే ఈసారి స్నేహితుల సందేశం వస్తే... పేజీ మడిచి పెట్టి, ఎన్ని గంటలకు తిరిగొస్తారో ఇంట్లో చెప్పి మరీ వెళ్లండి!