వెదురు చట్రంలో ఆకాశదీపం

ఇంటిలోపల పెట్టిన దీపం ఆ ఇంటివారికి వెలుగునిస్తుంది. ఆరుబయట ఎత్తున కట్టిన దీపం దారిన పోయే వారందరికీ కనిపిస్తుంది. భారతదేశంలోనూ, ఇరుగుపొరుగు దేశాలలోనూ పండుగ దినాలలో ఇంటి ముందు దీపాన్ని ఎత్తి కట్టే ఆచారం అనేక రూపాలలో కనిపిస్తుంది.

కార్తీక మాసంలో కాశీ నగరంలోని గంగాతీరాన పొడవైన వెదురు గడలను నిలుపుతారు. అల్లిక బుట్టలలో దీపాలుంచి, తాళ్ల సాయంతో వాటిని గడల కొసలకు లాగుతారు. గతించిన పెద్దలకు ఆ వెలుగు దారి చూపుతుందని ప్రజల విశ్వాసం. అదే మాసంలో తెలుగునాట శివాలయాలలో చిల్లులు గల లోహపాత్రలో దీపముంచి ధ్వజస్తంభం మీదికి ఎత్తుతారు. రెండుచోట్లా దాని పేరు ఆకాశదీపమే.

మహారాష్ట్రలో దీపావళికి ఇంటింటా వేలాడే కాగితపు లాంతరు ‘ఆకాశ్ కందీల్’. కందీల్ అన్నది అరబ్బీ నుంచి వచ్చిన మాట. తెలంగాణ పల్లెలలో లాంతరును ‘కందిలి’ అనడంలో వినిపించేదీ ఆ మాటే. ముంబైలోని మాహిమ్‌లో ఈ లాంతర్ల అమ్మకానికి పేరుపొందిన వీధిని ‘కందీల్ గల్లీ’ అనే పిలుస్తారు. కేరళ, గోవాలలో క్రిస్మస్‌కు ఇళ్ల ముందు నక్షత్ర దీపాలు వెలుగుతాయి. శ్రీలంకలో బుద్ధుని జననం, జ్ఞానోదయం, పరినిర్వాణం స్మరించే వైశాఖ పూర్ణిమ నాడు వీధులన్నీ ‘వెసక్ కూడు’ అనే లాంతర్లతో నిండుతాయి. సింహళంలో ఆ ‘కూడు’కు పంజరమని అర్థం. తెలుగు పాఠకునికి అది ‘గూడు’ అన్న మాటను తలపిస్తుంది. ఆ లాంతర్లలో బహుళ ప్రచారం పొందినది ‘అటపట్టమ’, అనగా ఎనిమిది పట్టెలది.

చతురస్రాలు, త్రిభుజాలు కలిసిన ఈ రూపాన్ని విద్యార్థులు సైతం సులభంగా తయారు చేయవచ్చు. ఇందుకు 20 సెంటీమీటర్ల పొడవు గల 24 వెదురు బద్దలు కావాలి. కణుపులు లేని భాగం నుంచి చీల్చి, అంచులు నునుపు చేసి, నీడన ఆరబెట్టాలి. పచ్చి బద్దలు ఆరేకొద్దీ వంకరపోతాయి.

నాలుగేసి బద్దలను నూలుదారంతో గట్టిగా కట్టి ఆరు చతురస్రాలు సిద్ధం చేయాలి. వాటిలో నాలుగింటిని మూల మీద నిలిపి, పక్క మూలలను ఒకదానితో ఒకటి కలిపి కడితే వలయం ఏర్పడుతుంది. ఐదవ చతురస్రపు నాలుగు మూలలను వలయంలోని నాలుగు పై మూలలకు, ఆరవదానిని కింది మూలలకు కట్టాలి. అప్పుడు చతురస్రాల నడుమ ఎనిమిది త్రిభుజాలు వాటంతటవే ఏర్పడతాయి. ఈ దశలో చట్రం కొంత ఊగుతుంది. కాగితం అతికిన తరువాత ఆ లోపం చాలావరకు తొలగుతుంది.

గాలిపటాలకు వాడే పలుచని కాగితం దీనికి తగినది. కొలత కంటే అంచున 2 సెంటీమీటర్లు అధికంగా కత్తిరించి, మైదాపిండి ఉడికించిన జిగురు రాసి, బద్దల మీదుగా మడవాలి. ఆరినకొద్దీ కాగితం బిగుస్తుంది. పై చతురస్రాన్ని, కింది చతురస్రాన్ని మాత్రం మూయరాదు. కింది నుంచి చల్లని గాలి ప్రవేశించి, వేడిగాలి పైనుంచి వెలుపలికి పోతేనే దీపం నిలకడగా వెలుగుతుంది. పై భాగం మాడదు. కింది మూలలకు కాగితపు తోకలు అతికిస్తే లాంతరుకు శోభ చేకూరుతుంది.

కింది చతురస్రంలో అడ్డంగా రెండు బద్దలు కట్టి, ఇసుక పోసిన మట్టిమూకుడును వాటిపై కదలకుండా బిగించి, అందులో చిన్న ప్రమిదను ఉంచవచ్చు. అయితే గాలి వీచేచోట జ్వాల పక్కకు వాలి కాగితాన్ని అంటుకొనే ప్రమాదం ఉన్నది. కనుక ఆరుబయట కట్టే లాంతరులో అంతగా వేడెక్కని ఎల్‌ఇడి బల్బు వాడడం క్షేమకరం. వెలిగే ప్రమిదను ఉంచితే పెద్దలెవరైనా దగ్గర ఉండాలి. మంచుకు, వానకు కాగితం మెత్తబడుతుంది గనుక చూరు కింద కట్టడం మంచిది.

నేడు అంగళ్లలో ప్లాస్టిక్ లాంతర్లు విరివిగా లభిస్తున్నాయి. అవి వానకు తడిసినా చెడవు. కాని విరిగితే చెత్తలో చేరవలసినవే. వెదురు చట్రాన్ని మాత్రం పండుగ ముగిశాక కాగితం ఒలిచి, పొడిచోట దాచుకొంటే, మరుసటి సంవత్సరం కొత్త కాగితం అతికించవచ్చు. వెదురు చీల్చి బద్దలు తీసే మేదరుల నైపుణ్యం వారి జీవనాధారం. ఆ బద్దలు కొనేవారు లేకపోతే ఆ పని నేర్చుకొనేవారూ తగ్గిపోతారు.

పాఠశాలలో ఒక మధ్యాహ్నం వెచ్చిస్తే నలుగురైదుగురు పిల్లలు కలిసి ఒక లాంతరు కట్టగలరు. ఒకరు బద్దలు కలిపి పట్టుకొంటే గాని మరొకరు ముడి వేయలేరు. ఆ చట్రమే దీపావళికి ఒక ఇంట, క్రిస్మస్‌కు మరొక ఇంట, వైశాఖ పూర్ణిమకు వేరొక ఇంట వెలగవచ్చు. ప్రతిసారీ మార్చవలసినది పైనున్న కాగితమే.