ఒకే వక్రం – అనేక రూపాలు

వర్గ ప్రమేయాలలో అత్యంత సరళమైనది 'ఎక్స్ వర్గం'. ఒక సంఖ్యను దానితోనే గుణించడమే ఇందులోని ప్రక్రియ. 0కు 0, 1కి 1, 2కు 4, 3కు 9 విలువలు వస్తాయి. ఋణసంఖ్యల వర్గాలూ ఇవే కనుక నిలువు అక్షానికి కుడివైపున ఉన్న రూపమే ఎడమవైపునా కనిపిస్తుంది. ఈ బిందువులను కలిపితే పైకి తెరుచుకున్న దొప్ప వంటి వక్రం ఏర్పడుతుంది. అదే పరావలయం. దాని అట్టడుగు బిందువు శీర్షం. అడుగున ఉన్నదానికి ఆ పేరేమిటని భాషాభిమానులకు సందేహం కలగవచ్చు. ఇక్కడ తల అని కాక, వక్రం మలుపు తిరిగే కొన అని అర్థం చెప్పుకోవాలి.

ఈ ప్రమేయం విలువకు 2 కలిపితే ప్రతి బిందువూ 2 ప్రమాణాలు పైకి లేస్తుంది. విలువల గుర్తు మారిస్తే దొప్ప బోర్లపడుతుంది. ఇంతవరకు చిక్కు లేదు.

చిక్కంతా వక్రం పక్కకు జరిగేటప్పుడే. ఎక్స్ నుంచి 3 తీసివేసి, వచ్చినదానిని వర్గం చేశామనుకుందాం. తీసివేశాం కనుక వక్రం ఎడమకు జరగాలని తోస్తుంది. కాని అది కుడికి జరుగుతుంది! కారణం ఆలోచించండి. వర్గం 0 కావాలంటే ఇప్పుడు ఎక్స్ 3 కావాలి. పూర్వం 0 వద్ద లభించిన విలువ 3 వద్ద, 1 వద్ద లభించినది 4 వద్ద లభిస్తాయి. దారిలో 3 రూపాయల సుంకం చెల్లించవలసినవాడు సంతలో కొనుగోలు తగ్గకూడదనుకుంటే, ఇంటినుంచే 3 రూపాయలు అదనంగా తీసుకొని బయలుదేరాలి కదా!

వర్గాన్ని 2తో గుణిస్తే వక్రం నిలువుగా సాగి సన్నబడినట్లు కనిపిస్తుంది. అయితే ఆ సన్నని వక్రాన్ని అన్ని దిశలలోనూ సమానంగా రెండింతలు పెంచితే అది మన మొదటి పరావలయమే అవుతుంది. ఆకృతిలో పరావలయాలన్నీ ఒక్కటే.

ఇప్పుడు 'ఎక్స్ వర్గం మైనస్ 6 ఎక్స్ ప్లస్ 11' అనే ప్రమేయాన్ని చూద్దాం. దీని స్థానం చూడగానే తెలియదు. ఎక్స్ నుంచి 3 తీసివేసి వర్గం చేస్తే 'ఎక్స్ వర్గం మైనస్ 6 ఎక్స్ ప్లస్ 9' వస్తుంది. 11లో ఈ 9 పోగా మిగిలేది 2. అంటే తొలి వక్రమే 3 ప్రమాణాలు కుడికి, 2 ప్రమాణాలు పైకి జరిగిందన్నమాట. ఇలా వర్గాన్ని పూరించే ఉపాయం మన ప్రాచీనులకు తెలుసు. శ్రీధరుని సూత్రాన్ని 12వ శతాబ్దిలో భాస్కరాచార్యుడు తన 'బీజగణితం'లో ఉదహరించాడు. సమీకరణ సాధనకు వారు వాడిన ఆ ఉపాయమే ఇక్కడ వక్రం ఉనికిని తెలుపుతున్నది. శీర్షం అడ్డు అక్షానికి 2 ప్రమాణాల ఎత్తున ఉంది. వక్రం పైకే తెరుచుకున్నది. కనుక ఈ ప్రమేయాన్ని 0 చేయగల వాస్తవ సంఖ్య ఏదీ లేదు.