సెలవుల పుస్తకాలు

వేసవి సెలవులు ఎలా గడిచాయో వ్యాసం రాయమంటే పిల్లలు ఏం రాస్తారో బడిపంతుళ్లందరికీ తెలిసిన సంగతే. "వేసవి సెలవులు విద్యార్థులకు మిక్కిలి ఆనందమును కలిగించును" అని మొదలుపెట్టి, "కావున మనమందరము సెలవులను సద్వినియోగము చేసుకొనవలెను" అని ముగిస్తారు. మధ్యలో ఒక తాతగారి వూరు, ఒక మామిడితోట, కాస్త పిల్లగాలి. 40 కాగితాలు దిద్దినా ఒక్క పిల్లవాడి ముఖం కనిపించదు. నేను చిన్నప్పుడు రాసిందీ అదే. మాకు తాతగారి వూరు లేనేలేదు, అయినా రాశాను.

అందుకని 2023 ఏప్రిల్ నెలాఖరున, నూజివీడు ప్రాంతంలోని మా బడిలో, ఆరో తరగతి పిల్లలకు తలా ఒక 40 పేజీల నోటుపుస్తకం పంచిపెట్టాను. షరతులు మూడే. చూసింది రాయాలి, అనుకున్నది రాయకూడదు. ఇంట్లో ఎలా మాట్లాడుకుంటారో అలాగే రాయవచ్చు, తప్పులకు మార్కులు తగ్గించను. దొరికిన వస్తువు ఏదైనా సరే, అంటించవచ్చు. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి పంతులుగారు 1940లో పోయేదాకా పోరాడారు. ఆయన పుట్టినరోజు, ఆగస్టు 29న, బళ్లలో సభలు చేస్తాము గాని, మర్నాడు మళ్లీ "కలిగించును" దగ్గరికే వస్తాము.

జూన్ 12న బడి తెరిచారు. 38 మందికి పుస్తకాలిస్తే 31 తిరిగి వచ్చాయి. ఒకదాన్ని మేక తినేసిందట. నమ్మక తప్పలేదు లెండి, సగం అట్ట సాక్ష్యంగా పట్టుకొచ్చాడు.

ఆ రాత్రి పదకొండుదాకా కూర్చుని చదివాను. పల్లెవెలుగు బస్సు టిక్కెట్లు, ఎండిపోయిన వేపపువ్వు, పుల్లఐసు పుల్లలు! ఒకడు వాళ్ల తాతయ్య గురకలు ఎన్ని రకాలో లెక్కగట్టి, ఒక్కొక్కదానికి పేరు కూడా పెట్టాడు. ఒకమ్మాయి విజయవాడలో పెద్దమ్మగారింట్లో నెల రోజులుండి, లిఫ్టులో కలిసినవాళ్లు ఏమేం మాట్లాడుకున్నారో రాసింది; పదహారో రోజున మాత్రం "యీవాళ ఎవరూ ఏమీ మాట్లాడలేదు" అని ఒకటే వాక్యం. మరో పుస్తకం నిండా ముత్యాల్లాంటి అక్షరాలు, గోదావరి పరవళ్లు. తండ్రిగారు కష్టపడి రాశారు, పాపం. ఆఖరి పేజీలో పిల్లవాడి చేతిరాత: "నాకు పడవలో వాంతి అయింది." మార్కులు దానికే వేశాను.

ఇరవైఏడో పుస్తకం దగ్గర ఆగిపోయాను.

ప్రతి పేజీ "అమ్మతో తోటకు వెళ్లాను" అనే మొదలవుతుంది. కాయను చిక్కంతో, తొడిమ వుంచి కొయ్యాలట. తొడిమ వూడితే సొన కారి కాయమీద నల్లమచ్చ పడుతుందట. బంగినపల్లి కాయలను వరిగడ్డి పరిచి ఎలా పేర్చాలో, రసాలను అంతకంటె నాజూకుగా ఎందుకు పట్టుకోవాలో రాసింది. (బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది గాని, మా వైపువాళ్లు రసం ముందు దాన్ని లెక్కచేయరు.) చేతికి మూడు చొప్పున ఆరేసి కాయలెత్తి లెక్కపెట్టడం, లెక్క తప్పితే మళ్లీ మొదటినుంచీ మొదలుపెట్టడం. ఒక పేజీలో మణికట్టు బొమ్మ వేసి, దానిమీద మచ్చ పెట్టి, "సొన. మూడు రోజులు మండింది" అని రాసింది. ప్రతి పేజీకీ అడుగున ఒక అంకె: 150. కొన్నిచోట్ల 100. ఒకచోట "ఇవ్వలేదు."

అంత మంచి తెలుగు నేను చదివి చాలా రోజులైంది. మర్నాడు తరగతిలో కొంత చదివి వినిపించాను. తల్లిదండ్రులు వచ్చే రోజున గోడమీద అన్నిటికంటే ముందు వుండేది యీ పుస్తకమేనని అందరిముందూ చెప్పాను. ఆ అమ్మాయి తల వంచుకుని రెండు చేతులూ బల్లకింద దాచుకుంది. సిగ్గనుకున్నాను.

ఆ అంకెల సంగతి సాయంత్రం తోటి ఉపాధ్యాయుడొకాయన చెబితేగాని నాకు తట్టలేదు. 14 ఏళ్లలోపు పిల్లలను పనిలో పెట్టకూడదని 2016లో చట్టాన్ని సవరించారు. సెలవుల్లో సొంత కుటుంబపు పనిలో సాయపడవచ్చునన్న మినహాయింపు వుంది గాని, తోట వాళ్లది కాదు. పైగా కూలి అంకె వేసి మరీ రాసింది. "గోడకెక్కించండి. ఎవరో ఒకరు 1098కి ఫోను చెయ్యడం ఎంతసేపు?" అన్నాడాయన. పెట్టమన్నాడో, వద్దన్నాడో యిప్పటికీ నాకు బోధపడలేదు.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. పుస్తకం దాచేస్తే తప్పును కప్పిపుచ్చినట్టు. పెడితే, నిజం రాసినందుకు పిల్లకు శిక్ష వేసినట్టు. నిజం రాయమన్నది నేనే గదా!

ఆదివారం వాళ్లింటికి వెళ్లాను.

"పనిలో పెట్టలేదండి, టీచరుగారూ. ఒంటరిగా యింట్లో వదల్లేక వెంట తీసుకుపోయాను. ఊరికే కూచోలేక అదే చెయ్యి వేసింది" అన్నది తల్లి.

"అంకెలు రాసిందమ్మా" అన్నాను.

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరవాత మూలనున్న ఫాను చూపించింది. "దాని డబ్బులే అవి. రాత్రిపూట వుక్కబోతకు చదవలేకపోతోందని కొన్నాను."

చట్టం సంగతి చెప్పాను, చెప్పక తప్పదు. వచ్చే వేసవిలో తోటకు పంపవద్దనీ, పొద్దుటిపూట గ్రంథాలయానికి పంపమనీ, మధ్యాహ్నం నుంచి మా యింట్లో వుంచుకుంటాననీ అన్నాను.

"వేసవంతానాండి?" అని అడిగింది.

ఆ మాటకు తడబడ్డాను. నెలన్నరంటే మాటలా! "వేసవంతా" అన్నాను చివరికి.

అంకెలు కొట్టేసి పుస్తకం గోడమీద పెడదామా అని అమ్మాయిని అడిగాను. "కొట్టేస్తే అబద్ధమవుతుంది గదండీ" అన్నది. నా షరతు నాకే అప్పగించింది. తల్లిదండ్రుల రోజున 30 పుస్తకాలు గోడకెక్కాయి. ముందు వరసలో ఒక మేకు ఖాళీగా వుండిపోయింది. ఎవరూ అడగలేదు. అమ్మాయి మాత్రం దానివైపు రెండుసార్లు చూసింది.

2024 వేసవికి ఆరో తరగతివాళ్లకు మళ్లీ పుస్తకాలు పంచుతుంటే, ఆ అమ్మాయి వచ్చి తనకూ ఒకటి కావాలని అడిగి తీసుకుంది. జూన్‌లో తెచ్చి నా బల్లమీద పెట్టి వెళ్లింది. మొదటి పేజీ యిది:

"యీ ఏడు తోటకు వెళ్లలేదు. గ్రంథాలయానికి వెళ్లాను. మధ్యాహ్నం టీచరుగారింట్లో వున్నాను. టీచరుగారి దొడ్లో రసం చెట్టు వుంది. కాయలు కర్రతో కొడుతున్నారు. తొడిమలన్నీ వూడిపోతున్నాయి."