క్విచువా గ్రామసంఘములు - రేపటి సమస్య

దక్షిణ అమెరికాలోని ఈక్వెడార్ దేశమున చింబొరాజో అను మంచుకొండ కలదు. దాని ఎత్తు 6,263 మీటర్లు. ఆ పరిసరముల మిట్టనేలలలో బంగాళాదుంపలు, బార్లీ పండించుకొని జీవించు ఆదివాసులు క్విచువాలు. తరతరములుగా వారు భూస్వాముల క్రింద నలిగిరి. చిన్న చెక్క నేల అనుభవించుటకై దొర పొలమున వెట్టి చేయవలసి యుండెను. ఈ పద్ధతిని 1964 నాటి భూసంస్కరణ చట్టము రద్దుచేసినది.

ప్రొటెస్టంటు మిషనరీలు 1902లోనే అచ్చటికి వచ్చిరి. కాని అర్ధశతాబ్దము గడచినను విశ్వసించినవారు బహు కొద్దిమంది. భూస్వాముల పట్టు సడలిన పిమ్మటనే సంఘములు వేగముగా పెరిగినవి. స్పానిష్ రాని రైతునకు వాక్యమును, పాటయు స్వభాషలో రేడియో మూలమున ఇంటికే చేరుట మరియొక కారణము. కాథలిక్ బిషప్ లియోనిదాస్ ప్రొఆన్యో సైతము 1962లో రేడియో పాఠశాలలు స్థాపించి బీదరైతులకు అక్షరములు నేర్పించెను. చింబొరాజో క్విచువాలో సంపూర్ణ బైబిలు 1989లో వెలువడినది.

గ్రంథము చేతికందినది, చదువవలసిన యువకులు ఊరు విడచుచున్నారు. తండ్రికి దక్కిన నేల బిడ్డలు పంచుకొనగా పొట్ట నింపదు. కొందరు క్విటో, గ్వయాకీల్ నగరములకు పోయిరి. 1999 నాటి బ్యాంకుల పతనము తరువాత అనేకులు స్పెయిన్, అమెరికా దేశములకు తరలిరి. నగరములలోను వారు సంఘములు కట్టుకొనిరి, విశ్వాసము నశింపలేదు. కాని వారి పిల్లలు బడిలో, వీధిలో స్పానిష్ పలుకుచు పెరుగుచున్నారు. అట్టి బిడ్డకు అవ్వ చేయు ప్రార్థన సగమే అర్థమగును.

ఊరిలో మిగిలినవారు వృద్ధులు. ‘మింగా’ అను సమష్టి శ్రమతో లేచిన ప్రార్థనాలయమునకు నేడు కప్పు మరమ్మతు చేయుటకు చేతులు చాలవు. బోధకులలో పలువురు జీతము లేని సేద్యగాండ్రు. పై శిక్షణ కావలెనన్న నగరమునకు పోయి స్పానిష్‌లో పొందవలెను.

ఆరాధనను స్పానిష్‌లోనికి మార్చినచో సంఘమును నిలిపిన వృద్ధులు పరాయివారగుదురు. క్విచువాలోనే ఉంచినచో యువజనులు దూరమగుదురు. రెండు భాషలను కలిపి నడపుట తాత్కాలికోపాయమే. 2008 రాజ్యాంగము క్విచువాకు గుర్తింపు నొసగినది. కాని శాసనము భాషను బిడ్డ నోట పలికింపజాలదు. ఆ పని ఇంటిలోను, ఆదివారపు బడిలోను జరుగవలెను. బోధకుల శిక్షణయు ఊరిచెంతకు రావలెను. ఏ భాష వలన ఈ సంఘములు పెరిగినవో, ఆ భాషను పిల్లలకు అందించుటపైననే వాని భవిష్యత్తు ఆధారపడి యున్నది.